బ్యాంకు వదిలేసిన బాకీ

కుర్చీల షాపు, వెనక గది
మంగళవారం మధ్యాహ్నం

అక్కకి,

ఎలా ఉన్నావు? బావగారి మోకాలు ఎలా ఉంది? ఫోను మానేసి ఉత్తరం రాస్తున్నానేమిటా అనుకోకు. ఇంట్లో అయినా షాపులో అయినా నేను ఫోను ఎత్తిన చోటల్లా మీ మరదలి చెవి ఉంటుంది. ఇది తనకి తెలియాల్సిన విషయం కాదు. అంటే, ఇప్పుడే తెలియాల్సింది కాదు.

పోయినేడాది బ్యాంకు సంగతి నీకు గుర్తుందిగా. ఆ హోటలు వాళ్ళు కుర్చీలకీ సోఫాలకీ పెద్ద ఆర్డరిచ్చారని అప్పు చేసి మిషన్లు కొన్నాను, గుడ్డ తెప్పించాను. కుర్చీలు సగం అయ్యేసరికి హోటలే మూతపడింది. చివరికి బ్యాంకు మేనేజరు నన్ను కూర్చోబెట్టి, ఇవ్వగలిగింది తీసుకుని, మిగిలింది మాఫీ చేస్తున్నామని కాగితం ఇచ్చాడు. ఆ రోజు నేనూ మీ మరదలూ షాపు మూసేసి సినిమాకి వెళ్ళాం. ఇల్లు అలకగానే పండగ కాదని అప్పుడు తోచలేదు.

ఇప్పుడు పన్నుల ఆఫీసు నుంచి కవరు వచ్చింది. బ్యాంకు మాఫీ చేసిన మొత్తం ఆ ఏడాది నా ఆదాయమట, దాని మీద పన్ను కట్టాలట. చేతికి చిల్లిగవ్వ రాలేదక్కా. పోయిన డబ్బు ఆదాయం ఎలా అవుతుంది? గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. ఎవరో కుర్రాడు పొరపాటున పంపి ఉంటాడని నా అనుమానం. మీ ఆస్పత్రిలో లెక్కలు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే అడిగి చూడు. నాకు కంగారేమీ లేదు. ఊరికే తెలుసుకుందామని.

తమ్ముడు


ఆస్పత్రి లాండ్రీ, టీ వేళ
శుక్రవారం

తమ్ముడూ,

కంగారేమీ లేదని రాశావు చూడు, అప్పుడే నాకు కంగారు మొదలైంది. నీకు జ్వరం వచ్చినప్పుడల్లా ఒళ్ళు చల్లగానే ఉందని అమ్మ చెయ్యి తోసేసేవాడివి.

జీతాల సెక్షన్ ఆవిడని అడిగాను. దుప్పట్ల లెక్క కోసం రోజూ నా దగ్గరికి వస్తుంది, మనిషి మంచిదే, మాటే కాస్త కరుకు. పొరపాటేమీ కాదంది. అప్పుగా తెచ్చుకున్న డబ్బు ఆదాయం కాదట, ఎందుకంటే తిరిగి ఇవ్వాలి. ఇవ్వక్కర్లేదని బ్యాంకు అన్న రోజున అది నీ సొమ్మయిపోయినట్టేనట. వినడానికి నాకూ మింగుడుపడలేదు, కానీ చాలా చోట్ల రూలు ఇదేనంది. కొన్ని మినహాయింపులు కూడా ఉన్నాయట, పన్నుల పని తెలిసిన మనిషిని పట్టుకోమంది.

అంతటితో ఊరుకోలేదు. "ముందు ఎన్ని కాగితాలు వచ్చాయి?" అని అడిగింది. ఒకటే అన్నాను. నవ్వింది. ఆ ఆఫీసు వాళ్ళు ఉన్నట్టుండి మీద పడరట, ముందు రెండు మూడుసార్లు మర్యాదగానే రాస్తారట. నిజం చెప్పు, ఎన్ని వచ్చాయి? మామూలు పన్ను ఏటా కడుతున్నావా?

మరదలికి ముందు చెప్పు. మొగుడూ పెళ్ళాల మధ్య డబ్బు దాపరికం పనికిరాదు, ఎప్పటికైనా కొంప ముంచుతుంది. ఉత్తరాలు ఇలాగే ఆస్పత్రికి రాయి, ఇంటికి వద్దు. మీ బావ చూస్తే లేనిపోని బెంగ పెట్టుకుంటారు.

అక్క


కుర్చీల షాపు
ఆదివారం, షట్టరు దించి

అక్కకి,

నీ దగ్గర అబద్ధం నిలవదు. ఒకటి కాదు. ఎన్నో నాకే సరిగ్గా తెలియదు, పాతవి ఒక్కటి కూడా విప్పలేదు కాబట్టి.

హోటలు దెబ్బ తగిలినప్పటి నుంచి పన్ను లెక్కలు ఇవ్వలేదు. మొదటి ఏడాది, చేతిలో డబ్బు లేనప్పుడు లెక్క ఇచ్చి మాత్రం ఏం లాభం, వచ్చే ఏడాది రెండూ కలిపి కడదామనుకున్నాను. వచ్చే ఏడాది వచ్చింది, డబ్బు రాలేదు. మూడో ఏడాదికి సిగ్గు కూడా తోడయింది. అప్పట్నించీ పన్నుల ఆఫీసు ముద్ర ఉన్న కవరు వస్తే చాలు, జేబులో దాచేసేవాణ్ణి. చింపి పారేద్దామంటే భయం, విప్పుదామంటే ఇంకా భయం. ఇంట్లో పెడితే మీ మరదలు చూస్తుంది, షాపులో డ్రాయర్లన్నీ తనే సర్దుతుంది.

షాపు ముందు అద్దం వెనకాల ఎత్తు వీపు ఆకుపచ్చ కుర్చీ ఉండేది చూడు, నా పనితనం చూపించడానికి పెట్టుకున్నది. కవరు వచ్చినప్పుడల్లా దాన్ని బోర్లా తిప్పి, సీటు అడుగు గుడ్డకి నాలుగు పిన్నులు ఊడదీసి, కవరు లోపలికి తోసి, మళ్ళీ పిన్నులు కొట్టేవాణ్ణి. ఆ పని అయ్యాక ఆ పూటకి మనసు తేలికపడేది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టేనని నువ్వంటావు. అనుకో. మొదటి ఉత్తరంలో నీకు చెప్పిన కవరు ఒక్కటే చేతిలో మిగిలింది, ఎందుకంటే అది వచ్చిన రోజున కుర్చీ లేదు.

మీ మరదలు అమ్మేసింది.

గుడ్డ కొనడానికి నేను బజారుకి వెళ్ళి వచ్చేసరికి అద్దం వెనక ఖాళీ. "ఎన్నాళ్ళని దుమ్ము పట్టిస్తావు, అడిగిన ధరకి బేరం ఆడకుండా తీసుకెళ్ళారు" అని మొహం వెలిగిపోతూ చెప్పింది. ఎన్నో నెలల తర్వాత తను నవ్వడం చూశాను. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడి, మంచి పని చేశావన్నాను.

ఎవరు కొన్నారో అడగలేదు. అడిగితే ఎందుకంటుంది.

తమ్ముడు


ఆస్పత్రి లాండ్రీ
మంగళవారం

ఒరే,

నీ ఉత్తరం చదివి నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు. రెండూ చేశాను. ఇస్త్రీ చేసే అమ్మాయిలు నన్ను వింతగా చూశారు.

ఇప్పుడు విను. జీతాల సెక్షన్ ఆవిడకి ఎవరి సంగతో అన్నట్టు చెప్పాను. ఆ కవర్లలో ఏదో ఒకదాంట్లో గడువు తేదీ ఉంటుందట. ఆలోగా జవాబివ్వకపోతే వాళ్ళు వేసిన లెక్కే ఖాయమట. ఆ తర్వాత షాపులో సామాను జప్తు చేసినా అడిగే దిక్కుండదు. మిషన్లు పోతే నువ్వేం చేస్తావు? వేరే పని వచ్చా నీకు?

కుర్చీ ఎక్కడుందో అడుగు. కవర్లు తీసుకో. పన్నుల మనిషి దగ్గరికి వెళ్ళు. వీటన్నిటికంటే ముందు మరదలికి చెప్పు. తను అమ్మింది కుర్చీ, నువ్వు దాచింది ఇల్లు మునిగే సంగతి. ఎవరిది తప్పో నీకు తెలుసు.

వెంటనే రాయి. టపా వచ్చే వేళకి నేను గేటు దగ్గరే తచ్చాడుతున్నాను.

అక్క


కుర్చీల షాపు
శుక్రవారం, పని ఆపి

అక్కకి,

కవర్లు దొరికాయి. నా పరువు మాత్రం పళ్ళ డాక్టరు గారి వరండాలో పోయింది.

అమ్మిన కుర్చీలన్నీ ఒకసారి చూసి వస్తానని మీ మరదలికి చెప్పి అడ్రసు తీసుకున్నాను. కుర్చీ డాక్టరు గారి గది బయట, రోగులు కూర్చునేచోట ఉంది. బుగ్గ వాచిన పెద్దాయన ఒకాయన అందులో కూర్చుని ఉన్నాడు. స్ప్రింగు సర్దాలి, కాస్త లేవండన్నాను. "ఈ ఊళ్ళో నడుము ఆనే కుర్చీ ఇదొక్కటే, నా పిలుపు వచ్చేదాకా లేవను" అన్నాడు. ఈలోగా నర్సమ్మ వచ్చి, "మీరేనా చేసింది? కూర్చుంటే గరగరమంటోందని అందరూ అంటున్నారు" అంది. అప్పుడు లేచాడు పెద్దాయన, నా మీద జాలిపడి.

అక్కడే బోర్లా తిప్పి పిన్నులు తీశాను. మెల్లగా ఒక్కొక్కటే లాగుదామనుకున్నాను. గుడ్డ చిరిగి మొత్తం నేల మీద పడ్డాయి. పెద్దాయన ఒకటి తీసి ముద్ర చూసి, "ఇవి మా ఇంటికీ వస్తాయి బాబూ, మేం బీరువాలో పెడతాం" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను.

ఇంటికెళ్ళి మీ మరదలి ముందు పెట్టేశాను. అరుస్తుందనుకున్నాను. గుడ్డ కత్తెర తెచ్చి అన్నీ వరసగా కత్తిరించి, తేదీల ప్రకారం పేర్చింది. చివరికి ఒక్కటే అడిగింది. "సినిమాకి తీసుకెళ్ళిన రోజు కూడా ఇందులో కొన్ని ఉన్నాయా?" ఉన్నాయన్నాను. ఆ ప్రశ్న తిట్టినదానికంటే కష్టంగా ఉంది.

గడువు దాటలేదు, ఈ నెలాఖరు. మర్నాడే ఇద్దరం పన్నుల మనిషి దగ్గరికి వెళ్ళాం. మూడేళ్ళ పాత పన్ను తప్పదన్నాడు, జరిమానాతో సహా, కాకపోతే వాయిదాలు అడగొచ్చట. మాఫీ అయిన అప్పు సంగతి వేరట. బ్యాంకు వదిలేసిన రోజున నాకున్న ఆస్తి కంటే అప్పులే ఎక్కువని చూపిస్తే, ఎంత ఎక్కువో అంతమేరకు ఆదాయంగా లెక్కపెట్టరట. అంటే నేను పూర్తిగా మునిగానని రుజువైతేనే ఇప్పుడు తేలతాను. మిషన్లు, వ్యాను, గుడ్డ, మీ మరదలు దాచుకున్నది, అన్నీ ఒకవైపు రాశాం. అప్పులన్నీ ఇంకోవైపు. సరిపోలేదక్కా. ఆస్తే కాస్త ఎక్కువ తేలింది. జీవితంలో మొదటిసారి నా దగ్గర ఆస్తి ఉందని ఏడుపొచ్చింది.

అప్పుడు మీ మరదలే అంది, "వదినగారి డబ్బు రాయలేదుగా" అని. మిషన్లు కొన్నప్పుడు నువ్విచ్చింది. అది కలిపితే లెక్క తిరగబడుతుంది. కానీ మన పిన్ని కూతురి పెళ్ళిలో, అందరి ముందూ, "వాడి దగ్గర నేనేం అడుగుతాను, ఎప్పుడో వదిలేశాను" అన్నావు నువ్వు. అది బ్యాంకు మాఫీకి ముందే. నిజంగా వదిలేసి ఉంటే అది అప్పు కింద రాయకూడదన్నాడు ఆయన. లేదూ, అప్పుగానే ఉందంటే నువ్వు సంతకం చేసి రాసివ్వాలి, డబ్బు నీ ఖాతాలోంచి వచ్చినట్టు బ్యాంకు కాగితం కూడా జతచెయ్యాలి.

ఏది నిజమో నువ్వే చెప్పాలి. త్వరగా.

తమ్ముడు


ఆస్పత్రి లాండ్రీ
సోమవారం

తమ్ముడూ,

ఉత్తరం అందింది. మరదలికి చెప్పినందుకు సంతోషం.

ఆ డబ్బు విషయం ఆలోచిస్తాను. వేరే దారి లేదా అని ఆయన్ని ఇంకోసారి అడుగు. వ్యాను పాతదేగా, దానికి మరీ ఎక్కువ ధర వేశారేమో. బ్యాంకు కాగితం తేవడం అంత సులువు కాదు, మా బ్యాంకులో ఏదో మార్పు జరుగుతోంది. ఇక్కడ పని కూడా ఎక్కువగా ఉంది, రెండు మిషన్లు చెడిపోయాయి, దుప్పట్లు గుట్టలుగా పడి ఉన్నాయి.

మీ బావ మోకాలు మళ్ళీ వాచింది. మెట్లు దిగలేకపోతున్నారు.

అక్క


కుర్చీల షాపు
బుధవారం

అక్కకి,

వ్యానుకి వేసిన ధర పాత ఇనుము ధరే. వేరే దారి లేదు, రెండుసార్లు అడిగాను. నెలాఖరు వచ్చేస్తోంది. నిన్న పన్నుల ఆఫీసు నుంచి మనిషి వచ్చి, గడువు దాటితే జప్తుకంటూ మిషన్లు చూసి రాసుకుపోయాడు. ఒక్కోదాని ముందు నిలబడి వెనక ఉన్న నంబరు చదివాడు. మీ మరదలు ఆయనకి కుర్చీ వేసింది, ఆయన కూర్చోలేదు.

మరదలికి చెప్పు, మరదలికి చెప్పు అని ప్రతి ఉత్తరంలోనూ నన్ను పొడిచావు. చెప్పాను. ఆవిడ ముందు తలెత్తుకోలేకపోతున్నాను, అయినా చెప్పాను. నువ్వు ఒక్క సంతకం చెయ్యడానికి మీ మిషన్లు చెడిపోయాయంటున్నావు. నీకు ఇష్టం లేకపోతే లేదని రాయి. వదిలేశానంటే అదే రాయి, నేను అబద్ధం ఆడమనడం లేదు. కానీ ఏదో ఒకటి రాయి. ఇలా నానబెట్టకు, తట్టుకోలేను.

తమ్ముడు


ఇల్లు, ముందు గది
ఆదివారం

తమ్ముడికి,

కాగితాలు దీనితో జతచేశాను. రెండు సంతకాలూ ఉన్నాయి. ముందు అవి తీసి మరదలి చేతికివ్వు, నీ దగ్గర పెట్టుకోకు. తర్వాత మిగతాది చదువు.

ఆ ఖాతా నా ఒక్కదానిది కాదు, మీ బావదీ నాదీ కలిపి ఉన్నది. డబ్బు తీయడానికి ఒకరి సంతకం చాలు, పాత లావాదేవీ కాగితం కావాలంటే మాత్రం ఇద్దరి సంతకాలూ అడుగుతారు. నీకిచ్చిన డబ్బు ఆయన మోకాలి ఆపరేషన్ కోసం వేసింది. ఆయనకి చెప్పకుండా తీశాను. ఆర్నెల్లలో ఇస్తానన్నావు, ఆర్నెల్లలో పెట్టేద్దామనుకున్నాను. తర్వాత ఆయన ఆపరేషన్ మాటెత్తినప్పుడల్లా మా ఆస్పత్రిలో వరస చాలా ఉందనీ, ఇంకో మంచి డాక్టరు వస్తాడనీ చెబుతూ వచ్చాను. నీ ఉత్తరాలు ఆస్పత్రికే తెప్పించుకున్నదీ అందుకే. గురివింద గింజకి తన నలుపు కనపడదంటారు, నాకు కనిపిస్తూనే ఉంది, అయినా నీకు నీతులు చెప్పాను.

పెళ్ళిలో ఎందుకలా అన్నానో చెప్తాను. మీ బావ నా పక్కనే నిలబడి ఉన్నారు. పిన్ని నోరు ఊరుకోక, నీకెంత ఇచ్చానని అందరి ముందూ అడిగింది. ఏదో చీరల డబ్బు, చిన్న మొత్తం అనుకునేలా నవ్వుతూ వదిలేశానన్నాను. వదల్లేదురా. ఒక్క రోజు కూడా వదల్లేదు. ఆయన మెట్టు మెట్టుకీ గోడ పట్టుకుంటుంటే నువ్వు గుర్తొచ్చేవాడివి, నీ మీద మండిపోయేది. బ్యాంకు నీకు మాఫీ చేసిందని, సినిమాకి వెళ్ళామని ఫోనులో చెప్పినప్పుడు నేను దుప్పట్ల గదిలోకి వెళ్ళి ఏడ్చాను. బ్యాంకుకి ఇవ్వగలిగినంత ఇచ్చావు. నా సంగతి నీకు గుర్తే రాలేదు. కాగితంలో రాసింది అదే, బాకీ ఆ రోజూ ఉంది, ఇవాళా ఉంది. నీ కోసం కల్పించింది కాదు.

నీ ఆఖరి ఉత్తరం వచ్చిన సాయంత్రం ఆయనకి చెప్పాను. "అంకె నిజమేనా?" అన్నారు. నిజమేనన్నాను. మర్నాడు బ్యాంకుకి వచ్చారు, అన్ని మెట్లూ గోడ పట్టుకుని ఎక్కి సంతకం పెట్టారు. దారిలో నేను చెయ్యి అందిస్తే తీసుకోలేదు. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇవాళ పొద్దున టీ తాగుతూ, "వాడి పరిస్థితి బాగాలేదు, పోనీ వదిలేద్దామంటావా?" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

నేనేం చెప్పాలో నాకు తెలియడం లేదు. నేను ఊ అంటే ఆయన నిజంగానే వదిలేసే మనిషి.

అక్క


కుర్చీల షాపు
శనివారం

బావగారికి నమస్కారాలు.

ఇన్నేళ్ళలో మీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఎలా మొదలుపెట్టాలో తెలియక మీ చెల్లెల్ని అడిగాను. "డబ్బు ఎప్పుడిస్తావో ముందు రాయి, దండాలు తర్వాత" అంది. దండం ముందే పెట్టేశాను, మన్నించండి.

కాగితాలు గడువులోపే అందాయి. ఆఫీసు వాళ్ళు మీ బ్యాంకు కాగితం చూశారు, అక్క రాసింది చదివారు, నన్ను రెండుసార్లు పిలిపించారు. మాఫీ అయిన మొత్తంలో చాలావరకు ఆదాయం కింద తీసేశారు. మిగిలిన కాస్త మీద పన్ను వేశారు. పాత మూడేళ్ళదీ జరిమానాతో కట్టాలి, వాయిదాలకి ఒప్పుకున్నారు. మిషన్లు జప్తు చెయ్యరు. ఆ మాట విన్నాక నేనూ మీ చెల్లెలూ బయట బెంచీ మీద కూర్చున్నాం. తను అక్కడే మొదటిసారి నా మీద అరిచింది. వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా ఆపలేదు, నేనూ ఆపమనలేదు. ఇప్పుడు షాపుకి వచ్చే కవర్లన్నీ తనే విప్పుతోంది.

మీ డబ్బు సంగతి. మీరు నన్ను వదిలేద్దామన్నారని అక్క రాసింది. పన్నుల ఆయన్ని అడిగితే, అలా వదిలేస్తే మళ్ళీ లెక్కల్లో చిక్కు రావచ్చు, వద్దన్నాడు. ఆయన చెప్పకపోయినా నేను వద్దనే అనేవాణ్ణి. బ్యాంకు వదిలేస్తే సినిమాకి వెళ్ళినవాణ్ణి నేను. మీరూ వదిలేస్తే ఇంకెక్కడికి వెళ్తానో నాకే భయంగా ఉంది. మీరు మెట్లెక్కి పెట్టిన సంతకంతో నా షాపు నిలబడింది. ఆ మెట్లు మీరు ఎలా ఎక్కి ఉంటారో పని చేస్తున్నంతసేపూ కళ్ళ ముందే ఉంటోంది.

నిన్న వ్యాను అమ్మేశాను. వచ్చిన మొత్తం దీనితో పంపుతున్నాను, ఈసారి మీ ఇంటి అడ్రసుకే, మీ పేరు మీదే. కుర్చీలు తోపుడు బండి మీద పంపుతాం, ఫరవాలేదు. ఆపరేషన్‌కి ఇది చాలదని తెలుసు. మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళి తేదీ పెట్టించుకోండి, నా డబ్బు వచ్చాక చూద్దామనుకోకండి. తేదీ ఖాయం అయ్యాక నాకు రాయండి. అప్పుడు నా ముందు ఒక గడువు ఉంటుంది. ఈసారి ఆ కవరు నేనే విప్పుతాను.

అక్కతో మాట్లాడండి బావగారూ. తప్పు తనది కూడా అని తనే రాసింది, కానీ తను తీసింది నాకోసం. మీ కోపంలో నా వంతు నాకు పంపండి, అంతా తన మీదే పెట్టకండి.

మీ బావమరిది